ఆదివారం అమావాస్య

ఇట్లా నా దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, నిదానంగా చెప్తాను. నిన్న చెన్నై నుంచి మా మనవరాలు ఫోన్ చేసింది. "ఆదివారం పొద్దున దిగుతాం అవ్వా, పెనుకొండ, హిందూపురం చూసుకొని రాత్రికే బండెక్కుతాం" అంది. ఆ రోజు ఏ తిథో చూద్దామని క్యాలెండరు కోసం లేవబోయి, మళ్లీ కూర్చుండిపోయాను.

మా చిన్నప్పుడు ధర్మవరంలో నాయన పట్టుచీరలు నేసేవాడు. నాయన చెల్లెలు, అంటే మా అత్త, మద్రాసులో కాపురం. ఆమెకు ప్రయాణాలు కాగితం మీద చేయడం భలే ఇష్టం. కార్డు నిండా చీమల బారులా రాసేది: పొద్దున రైల్లో పెనుకొండ, కోటలో చద్దిమూట, మధ్యాహ్నం హిందూపురంలో బెల్లం, చింతపండు, రాత్రికి తిరుగు రైలు, అమ్మకు గొడుగు మరవద్దు. ఆ అమ్మే మా అవ్వ, నాయన తల్లి. ఆమె పుట్టిల్లు పెనుకొండే. కడుపులో గడ్డ లేచి మనిషి సగమైపోయింది. కూతురి పక్కన ఒక్కసారి ఆ కోట మెట్ల మీద కూర్చోవాలని అవ్వ ఆశ.

అవ్వను ఎత్తి రైలెక్కించడానికి నాయన ఉండాలి. పెళ్లిచీర మగ్గం మీద ఉంటే ఆయన మధ్యలో దిగడు. చేయి ఆగితే నేత తేడా వస్తుందంటాడు. మా మగ్గానికి సెలవు అమావాస్య నాడే, మద్రాసులో అత్త మొగుడు మామకు సెలవు ఆదివారమే. అత్తను పంపేదే ఏడాదికొకసారి. అందుకని రెండూ కలిసే రోజు కోసం ఆమె కాచుకుంది.

ఆ రోజు దగ్గరికొచ్చింది, అత్త కార్డూ వచ్చింది. నేనే చదివి వినిపించాను. అవ్వ మొహం వెలిగింది, వేళ్లు మడిచి లెక్క చూసుకోగానే ఆరిపోయింది.

"ఆదివారం అమావాస్య! ఆ పొద్దు బిడ్డను రైలెక్కిస్తానా? రావద్దని రాయే."

"ఆడ మద్రాసులో అరవోళ్లకు అమావాస్య మంచిదంటమ్మా" అన్నాడు నాయన.

"అరవోళ్ల అమావాస్య అరవోళ్లకు. నేను యాడికి పోతానురా? మళ్లా ఎప్పుడన్నా వస్తాది."

మూడో తరగతి చదువు నాది. గుండ్రంగా 'రావద్దు' అని రాసి డబ్బాలో వేశాను.

ఆ అమావాస్య దాటిన తొమ్మిదో రోజు అవ్వ పోయింది. తంతి అందుకుని అత్త దిగేసరికి అంతా అయిపోయింది. అది ఏ వారమో, ఏ తిథో ఎవరూ చూడలేదు. మామూలు ఆదివారానికి ఆగని మగ్గం మైలకు పదకొండు దినాలు ఆగింది. ఊరికే మగ్గం గుంత పక్కన కూర్చున్న నాయనను చూసి అత్త, "ఇప్పుడు తీరికైంది గదన్నా" అంది.

తర్వాత సంచిలోంచి నా కార్డు తీసింది.

"నువ్వేనా రాసింది?"

"అవ్వ చెప్పింది, రాసినా."

"రాత బాగుండాదే" అని మడిచి లోపల పెట్టుకుంది. తిట్టి ఉంటే ఏనాడో మరిచిపోయేదాన్ని.

మనవరాలికి తిథి అడగకుండానే రమ్మన్నాను. మీ ఇంటికి రావాలనుకున్నవాళ్లు అనుకున్న రోజే గడప తొక్కాలి, వాళ్ల కోసం కాచుకున్నవాళ్లు కళ్లారా చూసుకోవాలి, మీ ఇల్లు చల్లగుండాలి తల్లీ. మంచి రోజు కోసం మనం ఆగుతాం గానీ, రోజు మన కోసం ఆగదు.