టాపు కింది బూడిద రంగు

అసలు రంగును కాపాడినవాణ్ని అసలు రంగు గీకేసినవాడన్నారు. మహబూబ్‌నగర్‌లో కార్లకు రంగులు వేసే షెడ్లన్నిటిలో ఎల్లేశంకు 2018 నుంచి ఉన్న పేరు ఇదే. ఆ పేరు పెట్టింది విజేందర్, పాత కార్లు కొని పోటీలకు పెట్టే హైదరాబాద్ ఆసామి.

ఎల్లేశంది దేవరకొండ దగ్గర గొర్లు కాసే ఇల్లు. మంద అమ్ముడుపోయాక మహబూబ్‌నగర్ వచ్చి బస్సులకు, లారీలకు రంగు వేయడం నేర్చుకున్నాడు. గోపీకృష్ణ షెడ్డులో ఇరవై ఏళ్లు పనిచేశాడు. పాత రంగు మీద తర్వాత ఎవరో పూసిన రంగును తీయాలంటే ఆయన అందరిలా గరుకు కాగితం పట్టడు. అరిగిన నల్ల గొంగడి ముక్కను కిరోసిన్‌లో తడిపి, బొటనవేలితో నొక్కి, చిన్న చిన్న చుట్లుగా రుద్దుతాడు. ఆ ఉన్ని పై పూతను లేపుతుంది, కిందిదాన్ని ముట్టదు.

"గొర్రెకు తానం చేపిస్తున్నవా, ఎల్లేశన్నా?" అని షెడ్డులో నవ్వేవారు.

"గొర్రె నయం. రుద్దినంతసేపు నోరు మూసుకుంటది," అనేవాడు.

విజేందర్ పంపిన కారు అరవై ఏళ్లనాటిది, పైన గుడ్డ టాపు. టాపును మడిచే ఇనుప చట్రానికి ఎవరెవరో నాసిరకం నలుపు పూసి పూసి కీళ్లదాకా పూడ్చేశారు. ఒక కీలు సందులో, గుడ్డ కప్పిన చోట, ఎల్లేశంకు బూడిద రంగు కనిపించింది. మెరుపు లేని, కాస్త ఆకుపచ్చ కలిసిన బూడిద. కారు తయారైననాడు పడిన రంగు అదేనని ఆయనకు అర్థమైంది. నలభై రోజులు రుద్దాడు. ఇనుము తేలిన చోట్ల మాత్రం అదే రంగు కలిపి సన్నకుంచెతో అద్దాడు.

విజేందర్ వచ్చి చూశాడు.

"ఏందయ్యా గిది? జర గూడ మెరుస్తలేదు. నలభై దినాలు గిదేనా చేసింది?"

"సార్, గిది కార్ఖానల పడ్డ రంగు. మెరిసేది ఎప్పుడన్న ఏసుకోవచ్చు. గిది పోతే మల్ల రాదు."

"బండి నాదా, నీదా?"

ఆ వారమే చట్రం ఊడదీయించి, వేరేచోట ఇసుకను జోరుగా చిమ్మే మిషన్‌తో ఇనుము దాకా కొట్టించి, అద్దంలాంటి నలుపు వేయించాడు. పోటీలో మార్కులు పోయాయి. పోటీవాళ్లిచ్చిన కాగితాన్ని తెచ్చి గోపీకృష్ణ ముందు విసిరికొట్టాడు. అక్కడ ఇంగ్లీషు చదివేది షెడ్డు పక్క దుకాణం నడిపే నేనే కాబట్టి నాతో చదివించారు. టాపు చట్రం మీద అసలు రంగు మిగల్లేదని, అందుకే మార్కులు తగ్గించామని అందులో ఉంది.

తప్పు ఒప్పుకుంటాడా? "ఎల్లేశం గీకేసిండు" అని షెడ్డు షెడ్డుకూ ఫోన్ చేశాడు. నిజం తెలిసిన గోపీకృష్ణ ఒక్క మాట చెబితే తేలిపోయేది. ఎల్లేశంతో కలిసి నేనూ వెళ్లి అడిగాను.

"నాకు తెల్వదా, అన్నా," అన్నాడు గోపీకృష్ణ నేల చూస్తూ. "గని ఆయన బండ్లతోనే గదా షెడ్డు నడుస్తాంది. జర ఓపిక పట్టు, అందరు మర్చిపోతరు."

"ఎవరు మర్చిపోవాలె? నేనా?"

ఎవరూ మర్చిపోలేదు. గోపీకృష్ణతో సహా ఏ షెడ్డువాళ్లూ ఆయన్ని పనికి పిలవలేదు. ట్రాక్టర్ ట్రాలీలకు, ఇళ్ల గేట్లకు రంగులు వేశాడు. పాత కార్ల గురించి పత్రికల్లో చాలా చదివాను. యజమాని బానెట్ మీద చెయ్యివేసి నవ్వే ఫొటో ప్రతిసారీ ఉంటుంది. నలభై రోజులు రుద్దిన వేలి గురించి ఒక్క వాక్యం ఎక్కడా లేదు.

మూడేళ్ల తర్వాత విజేందర్ ఇంకో టాపు కారు కొన్నాడు. ఈసారి మార్కులు కావాలి. ఎల్లేశంను గోపీకృష్ణ షెడ్డుకు పిలిపించాడు.

"పాతది ఇడిచిపెట్టు. దీనికి కింది రంగు తియ్యి. అడిగినోళ్లకు హైదరాబాద్‌ల చేపిచ్చిన అని చెప్త. నీ పేరు రాదు."

"చేస్త సార్. ముందుగాల గీ షెడ్లోళ్ల ముంగట, గీకింది నేను కాదని చెప్పుండ్రి."

"నేను నీకు జవాబు చెప్పుకోవాల్నా?" అని విజేందర్ నవ్వాడు.

ఎల్లేశం చెప్పులు తొడుక్కుని వచ్చేశాడు. ఆయన అలా వచ్చేశాడని విని ఆ రోజు నాకు కడుపు నిండింది.

పది రోజుల తర్వాత బస్టాండులో కలిశాడు. మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీ షెడ్లకు రంగు వేసే పని దొరికి, భార్య సుక్కమ్మను తీసుకుని వెళుతున్నాడు. ఆ రోజు తర్వాత మళ్లీ ఆయన్ని చూడలేదు. దారిలో గోపీకృష్ణ షెడ్డుకు పోయి వచ్చానన్నాడు.

"మల్ల ఎందుకు పోయినవ్, కాకా?"

"ఇసుక మిషన్ తెప్పిస్తున్నరని ఎరికైంది. గా కొత్తగ కొన్న బండిల కింది రంగు ఏడ ఉన్నదో గోపికి చూపిచ్చి, సుద్దతోని గీతలు గీసొచ్చిన. గవి దాటొద్దన్న."

నాకు ఒళ్లు మండింది. "నీ పేరు ఖరాబ్ చేసినోని బండికి నువ్వు కాపలా కాస్తవా?"

"గాయన అందరి ముంగట చెప్పేదాంక నేనైతే చెయ్యి పెట్ట," అన్నాడు ఎల్లేశం. "గని గా రంగు ఏసినోడు గాయన గాదు గదా. ఎవడో నా అసుంటోడే ఏసిండు. వాని పనిని నా కండ్ల ముంగట ఎట్ల పోనిస్త?"