సొట్ట చెంప

వెంకట్రాజం చేతిలో పడ్డ మొహం ఏదీ దేవుడిచ్చినట్టు బయటికి పోలేదు. వరంగల్ స్టేషన్ రోడ్డులో గాజుల దుకాణానికీ టైర్ల కొట్టుకీ నడుమ ఇరుక్కున్న ఆయన ఫోటో స్టూడియోలోకి ఒక ముక్కుతో వెళ్ళినవాళ్ళు ఇంకో ముక్కుతో తిరిగొచ్చేవాళ్ళు. అందుకు ఎవరూ తగాదా పెట్టుకోలేదు. పెట్టుకుంటారా మరి? మొహంలో వంకర పోయిందని ఏడ్చినవాణ్ణి ఎక్కడైనా చూశామా?

నెగెటివ్‌ల కాలంలో ఆయన పెన్సిల్‌ని ముల్లులా చెక్కుకుని, కిటికీ వెలుగులో నెగెటివ్ పెట్టుకుని కళ్ళ కింది గుంటలు పూడ్చేవాడు. కంప్యూటర్ వచ్చాక చెయ్యి మరీ బరితెగించింది. దవడ వెడల్పయితే లోపలికి నెట్టాడు. గడ్డం లేనివాడికి గడ్డం దించాడు. ఈ పనికి టచింగ్ అని పేరు. పెళ్ళి సంబంధానికి పంపే ఫోటో అయినా, పదోరోజు ఇంటిముందు కట్టే ఫ్లెక్సీ అయినా, టచింగ్ లేకుండా ఇవ్వడమంటే ఆయన దృష్టిలో చుట్టానికి ఉప్పులేని కూర వడ్డించడమే. బతికినన్నాళ్ళూ ఎత్తుపళ్ళతో బతికిన మనుషులు చచ్చిన పదోరోజుకి ముచ్చటగా పెదవులు మూసుకుని నవ్వేవాళ్ళు. "ఎముకలు దేవునియి, తోలు నాది" అని ఆయన గొప్పలు పోయేవాడు. ఆ మాటలో సగం అబద్ధమని ఆయనకు తెలియడానికి యాకమ్మ రావాల్సి వచ్చింది.

యాకమ్మది ధర్మసాగర్ పక్కన చిన్న ఊరు. సీజన్లో మిర్చి ఏరడానికి, తక్కిన రోజుల్లో నాట్లకి పోయే మనిషి. వానలు మొదలైన కొత్తలో ఒకనాటి పొద్దున కాగితంలో బెల్లం ముద్ద చుట్టుకుని స్టూడియో మెట్లెక్కింది. మొహం వెలిగిపోతోంది.

"అన్నా, నోరు తీపి చేస్కో. సమ్మక్క బంగారం ఇది."

మేడారం తల్లులకు పెట్టే బెల్లాన్ని ఈ ప్రాంతంలో బంగారమనే అంటారు. వెంకట్రాజం కళ్ళకద్దుకుని చిన్న ముక్క నోట్లో వేసుకున్నాడు. జాతర కాలం కాదే, ఇప్పుడు బంగారమేమిటని అడిగాడు.

"మొక్కుకున్న అన్నా. ఆ పుర్రె మా ఆయనది కాకుంటే నా ఎత్తు బంగారం ఇస్తనని. కాదన్నరు. నిన్ననే పోయి తల్లికి ఒప్పజెప్పి వచ్చిన."

పుర్రె మాటకి వెంకట్రాజం నమలడం ఆపాడు. ఆమె భర్త సుదర్శన్ తప్పిపోయిన సంగతి ఆయనకు తెలుసు. మొన్నటిది కాక దాని ముందు జాతరకు ఇద్దరూ కలిసి మేడారం పోయారు. జంపన్న వాగు దగ్గర జనంలో చెయ్యి విడిపోయింది. మైకులో పేరు పిలిపించింది, డేరాలు పీకేదాకా అక్కడే కూర్చుంది, మనిషి మాత్రం దొరకలేదు. ఆ తర్వాత మరో జాతర కూడా వచ్చి పోయింది. ఈ ఎండాకాలంలో తునికాకు కోసేవాళ్ళకు అటువైపు అడవిలో ఒక పుర్రె, కొన్ని ఎముకలు దొరికాయి. బట్టలు చీకిపోయాయి. పోలీసులు యాకమ్మను పిలిపించారు. రక్తపరీక్షతో పోల్చుదామంటే సుదర్శన్‌కి ముందూ వెనకా ఎవరూ లేరు, పిల్లలూ లేరు. ఆధార్ కార్డు తీస్తే అందులో ఉన్నది సుదర్శనో, వాళ్ళ ఊరి సర్పంచో చెప్పడం బ్రహ్మతరం కూడా కాలేదు. ఇంట్లో గోడకున్న పెద్ద ఫోటో ఒక్కటే గతి అయింది.

"పుర్రె మీద ఫోటో పెట్టి కలుస్తదా లేదా చూస్తరట. హైదరాబాద్ పంపిండ్రు. కలవలే అన్నా. ఆ పుర్రెకు ఎడమ చెంప ఎముక ఎన్కట ఎప్పుడో ఇరిగి అతుక్కున్నదట, లోపలికి సొట్ట ఉన్నదట. ఫోటోల మా ఆయనకు రెండు చెంపలు సమానం. అందుకని ఆయన కాదని రాసి పంపిండ్రు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "గా ఫోటోనే కాయితాల మీద కొట్టియ్యి. కనబడుట లేదు అని రాసి బస్టాండ్లల్ల అతికిస్త. ఉన్నడు గదా, ఎక్కడనో ఒకకాడ ఉన్నడు."

వెంకట్రాజం నోట్లో బెల్లం చప్పబడిపోయింది. ఆ ఫోటో తీసింది ఆయనే. షాపింగ్ మాల్లో వాచ్‌మన్ పనికి చిన్న ఫోటోలు కావాలని సుదర్శన్ వచ్చాడు. వెంట వచ్చిన యాకమ్మ ఇంటికొకటి పెద్దది కావాలంది. చిన్నప్పుడు ఎద్దు కొమ్ము విసిరితే ఒక చెంప లోపలికి పోయిందని సుదర్శన్ స్టూలు మీద కూర్చుని నవ్వుతూ చెప్పాడు. సొట్ట కనిపించాక వెంకట్రాజం చెయ్యి ఊరుకుంటుందా? బాగున్న చెంపను కాపీ చేసి, అటుదిటు తిప్పి, బాగాలేని చెంప మీద అతికించాడు. ఫోటో చూసి సుదర్శన్, "ఈ అందగాడెవడు కాకా? మా యాకమ్మకు చూపియ్యకు, నన్నిడిచిపెడ్తది" అన్నాడు. ఆరోజు ముగ్గురూ కడుపుబ్బ నవ్వారు.

"రేపు రా చెల్లె" అన్నాడు వెంకట్రాజం.

అతికించిన మాట నిజమే, కానీ ఏ చెంప మీద? ఎడమా, కుడా? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. సొట్ట కుడివైపుది అయితే ఆ పుర్రె ఇంకెవరిదో, యాకమ్మ సంతోషం న్యాయమైనదే. ఎడమది అయితే? వేలమంది మొహాలు సరిచేసిన మనిషికి ఒక్క మొహం కూడా అసలు రూపంలో గుర్తు లేదు. ఆ సంగతి తెలిసి ఆయనకు భయమేసింది.

పక్క గాజుల దుకాణం బాబా మియాది. ఆయన కూతురు సుమయ్యా డాక్టరీ మొదటి సంవత్సరం. ఆ వారమంతా ఒక ప్లాస్టిక్ పుర్రెను గాజుల డబ్బాల మధ్య పెట్టుకుని చదువుతోంది. చెయ్యి చాపి గాజులు తొడిగించుకోబోయిన ఆడవాళ్ళు ఆ పుర్రెను చూసి చెయ్యి వెనక్కి లాక్కుంటున్నారని బాబా మియా తల పట్టుకున్నాడు. వెంకట్రాజం పోయి ఆ పిల్ల ఎదుట కూలబడ్డాడు.

"బిడ్డా, జర ఈ చెంప ఎముక సంగతేందో చెప్పు."

సుమయ్యాకి పాఠం అప్పజెప్పే అవకాశం దొరికింది. "పుర్రె అంటే ఒక్క ఎముక కాదు కాకా. ఇరవై రెండు. మెదడు మీద డబ్బా లెక్క ఎనిమిది, మొహానికి పద్నాలుగు. ఈ గీతలు చూడు, బట్టకు కుట్టేసినట్టు లేవా? అక్కడ ఒకదానికొకటి అతుక్కుంటయి. అన్నిట్ల కింది దవడ ఒక్కటే కదుల్తది." కంటి గుంత కింద వేలు పెట్టింది. "ఇది చెంప ఎముక. ఇక్కడికెళ్ళి ఒక పుల్ల లెక్క చెవి దిక్కు పోతది. దాని కింద సందున్నది, వేలు పెట్టు. గట్టి దెబ్బ తగిల్తే ఈ పుల్లనే లోపలికి పోయేది. చిన్నతనంల తగిలి, ఎవరూ సరిచెయ్యకుంటే గట్లనే అతుక్కుంటది. మనిషి పోయినా సొట్ట పోదు."

"ఫోటోల తీసేస్తే?"

"ఫోటోల తీసేస్తే ఫోటోల పోతది కాకా. ఎముకకెట్ల ఎరుక?"

వెంకట్రాజం ఆ సందులో వేలు పెట్టి చూశాడు. తర్వాత జరిగిందంతా చెప్పాడు. సుమయ్యా మొహం వాడిపోయింది. అయితే ఆ పుర్రె సుదర్శన్‌దేనా అని ఆయన అడిగితే పుస్తకం తిరగేసింది, మూసేసింది. "నాకేం ఎరుక కాకా. సొట్టలు మస్తుమందికి ఉంటయి. ఆయన్దే కావచ్చు, కాకపోవచ్చు. టచింగ్ చెయ్యని ఫోటో ఉంటే పెద్ద డాక్టర్లు చూసి చెప్తరు. ఉన్నదా?"

ఉంది. అదే ఆయన బాధ. పాత హార్డ్ డిస్కులో దుమ్ము దులిపి వెతికితే సాయంత్రానికి బయటపడింది. తెర మీద సుదర్శన్, మొహంలో కుడిపక్క సొట్టతో, నవ్వుతున్నాడు. కుడిపక్క! వెంకట్రాజం ప్రాణం లేచొచ్చింది. అంతలోనే మళ్ళీ అనుమానం. తెర మీది కుడిపక్క మనిషికి ఏ పక్క? పదిమందికి ఫోటోలు తీసి పొట్టపోసుకున్న మనిషి, లేచి పోయి సుదర్శన్ కూర్చున్న స్టూలు మీద కూర్చుని, కెమెరా వైపు తిరిగి, తన చెంపలు తానే తడుముకున్నాడు. తడిమింది ఎడమ చెంప.

ఇక కాలుగాలిన పిల్లి అయ్యాడు. చెరిపేస్తే? ఒక్క మీట నొక్కితే ఆ సొట్ట లోకంలో లేకుండా పోతుంది. యాకమ్మ నుదుట బొట్టుతో, మెడలో పుస్తెలతో, ఉన్నాడన్న ధైర్యంతో బతుకుతుంది. కానీ బతుకంతా బస్టాండ్ల గోడలకు కాయితాలు అతికిస్తూనే ఉంటుంది, అదీ లోకంలో ఎన్నడూ లేని మనిషి కోసం. చూపిస్తే? రేపు మళ్ళీ కలవలేదంటే ఊరికే ఏడిపించినవాడవుతాడు. కలిసిందంటే ఇంకా ఘోరం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రోజు ఫోటోకి వచ్చినవాళ్ళ మొహాల్లో ఆయనకు చెంప ఎముకలు తప్ప ఇంకేం కనిపించలేదు. ఒకాయనకు రెండుసార్లు ఫ్లాష్ కొట్టి, డబ్బులు తీసుకోకుండా పంపేశాడు.

మర్నాడు యాకమ్మ వచ్చింది. వెంకట్రాజం కుర్చీ చూపించాడు, నీళ్ళిచ్చాడు, ఫ్యాను తిప్పాడు. చేయడానికి ఇంకేమీ మిగల్లేదు.

"చెల్లె, సుదర్శన్ చెంపకు..." అని మొదలుపెట్టాడు. ఆమె నీళ్ళ గ్లాసు కింద పెట్టగానే మాట మార్చాడు. "పోలీసోళ్ళు నిన్ను అడగలేదా? పాత దెబ్బలేమన్న ఉన్నయా అని?"

"అడిగిండ్రు."

"ఏమన్నవు?"

"లేవన్న." యాకమ్మ తల వంచుకుంది. "ఎందుకట్లన్ననో నాకే సమజైతలేదు అన్నా. అబద్ధమాడాలని కాదు. పొద్దున లేస్తే గోడకు గా ఫోటోనే. పండుకునేముందు గదే. చూసీ చూసీ ఆయన మొహం గదే అయిపోయింది. సొట్ట ఉండెనని ఒక పాణం అంటది, లేదు నువ్వే అనుకుంటానవని ఇంకో పాణం అంటది. ఏ దిక్కుండెనో గూడ యాదికొస్తలేదు. పెండ్లాన్ని అన్నా నేను. గదన్న యాదికుండద్దా?"

వెంకట్రాజంకి దుఃఖం ముంచుకొచ్చింది. ఆమె మరుపుకి కారణం తన వేళ్ళే. "నా దగ్గరున్నది చెల్లె, టచింగ్ చెయ్యనిది. చూస్తవా? వద్దంటే తీసేస్త. నీ ఇష్టం. నాకేం తోస్తలేదు."

ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఆయన తెర ఆమె వైపు తిప్పాడు.

యాకమ్మ కదలకుండా చూసింది. తర్వాత ఆమె చెయ్యి దానంతటది లేచి, అరచెయ్యి సుదర్శన్ చెంప మీద, సరిగ్గా ఆ సొట్ట మీద ఆనింది. "గిక్కడ చెయ్యేసి పండుకునేది" అంది. "చెయ్యి మరువలే అన్నా. కండ్లే మరిచినయి." అప్పుడు ఏడ్చింది. వెంకట్రాజం కూడా ఏడ్చాడు, సుమయ్యా అన్న మాట గుర్తు చేసుకుని, సొట్టలు చాలామందికి ఉంటాయని, ఆయన కాకపోవచ్చు కూడానని ఏదేదో తడబడుతూ చెప్పాడు.

"అయితేందన్నా, కాకుంటేంది" అంది ఆమె ముక్కు తుడుచుకుంటూ. "ఆయన్నయితే వెతకాలె గదా. ఇన్ని దినాలు ఇంకెవరినో వెతికిన." తెర వైపు చూపించింది. "రెండు కొట్టియ్యి. ఒకటి ఠాణాకు, ఒకటి గోడకు."

"ఠాణాకు నేను గూడ వస్త. మొదటిది నేను చెడగొట్టిన ఫోటో అని నేనే చెప్తా."

ఆయన కంప్యూటర్ వైపు తిరిగాడు. మొహం కొంచెం నల్లగా వచ్చింది, వెలుగు చాల్లేదు ఆరోజు. ప్రింటు నొక్కబోతూ ఆయన చెయ్యి ఎప్పటిలాగే మౌస్ మీద పడింది, బాణం మెల్లగా చెంప వైపు జరిగింది.

"అన్నా" అంది యాకమ్మ. "ఏం ముట్టకు."