తనిఖీకి వచ్చిన పుస్తకాలు

మా నాచారం కాలనీలో కమ్యూనిటీ హాలు వెనక, నీళ్ళ సంపు పక్కన ఒక చిన్న గది ఉండేది. దానికి 'పఠనాలయం' అని రాసిన రేకు బోర్డు ఉండేది. అయినా చాలామంది దాన్ని మోటారు గది అనుకునేవాళ్ళు. సాయంత్రంపూట అందులో ఉమాపతి కూర్చునేవాడు. ఆయన గురించి చెప్పాలని నాకు ఎప్పటినుంచో ఉంది. చెబితే కాలనీలో సగం మందితో మాటలు పోతాయి. పోతే పోనివ్వండి, ఇప్పుడున్న మాటలు మాత్రం ఏమంత బాగున్నాయి గనక.

ఉమాపతిది భువనగిరి దగ్గర ఒక పల్లె. నాచారం పారిశ్రామికవాడలో ఒక దారాల మిల్లులో స్టోర్స్ చూసేవాడు. మిల్లు మూతపడ్డాక ఇంకో ఉద్యోగం వెతుక్కునే ఓపిక లేకపోయింది. ఇంటి పైభాగం అద్దెకిచ్చి, ఈ గది తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఎవరూ వేసుకోమనలేదు, జీతమూ లేదు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఆ గది లేకపోతే పొద్దు ఎలా పోతుందో ఆయనకు తెలియదు. ఈ మాట నాతో ఆయనే అన్నాడు, ఏమాత్రం మొహమాటం లేకుండా.

"ఇంట్ల గోడలు సూసుకుంట కూసుంటే పిచ్చి లేస్తది అన్నా. ఈడ కూసుంటే ఎవరో ఒకరు తలుపు తీస్కొని వస్తరు."

ఆ ఎవరో ఒకరు కూడా తగ్గుతూ వచ్చారు. తగ్గరా మరి! బీరువాల్లో ఏముందని? ఎవరివో సన్మాన సంచికలు, కాలం చెల్లిన పోటీ పరీక్షల గైడ్లు, ఒకాయన సొంత ఖర్చుతో అచ్చేయించి కట్టలకు కట్టలు మాకు అంటగట్టిపోయిన పద్యాలు. జనం మెచ్చిన పుస్తకం ఒక్కటీ బీరువాలో ఉండదు. అది ఎవరో తీసుకుపోయి ఉంటారు, ఏళ్ళ తరబడి వాళ్ళింట్లోనే ఉంటుంది. ఏ పుస్తకం ఎవరింట్లో ఉందో ఉమాపతికి తెలుసు. అయినా అడిగేవాడు కాదు. అడిగే ఓపిక లేదనేవాడు గానీ, నిజానికి ఆయనకు మనసొప్పేది కాదు.

2013 ఎండాకాలంలో సంఘం అధ్యక్షుడు గిరిప్రసాద్ ఆ గది దగ్గరికి వచ్చాడు. ఆయనకు ఏఎస్ రావు నగర్‌లో టైల్స్ దుకాణం ఉంది. కాలనీని కూడా టైల్స్ వేసినంత శుభ్రంగా ఉంచాలని ఆయన పట్టుదల. హాలు మీద ఒక అంతస్తు లేపుతున్నామని, కింద గది జనరేటర్‌కి కావాలని చెప్పాడు.

"పైన ఒక గది వస్తుంది ఉమాపతి గారూ. కుర్రాళ్ళు జిమ్ అడుగుతున్నారు. మీరు పఠనాలయం అంటున్నారు. నాకు రెండూ ఒకటే. తనిఖీ పెడదాం. మన ముద్ర ఉన్న పుస్తకాలన్నీ బీరువాలో కనిపిస్తే గది మీది. కనిపించకపోతే ఎవరూ చదవటం లేదనేగా అర్థం?"

అర్థం సరిగ్గా దానికి తలకిందులు. కనిపించని పుస్తకాలే చదువుతున్నవి. ఆ మాట గిరిప్రసాద్‌కి నేను చెప్పబోయాను. ఉమాపతి నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఆ తర్వాత ఆయనకో ఆలోచన వచ్చింది. బస్సెక్కి కోఠీ వెళ్ళి, బయట ఉండిపోయిన పుస్తకాలకు కొత్త ప్రతులు కొనుక్కొచ్చాడు. ముద్ర ఉన్న పాతది మాకిచ్చేయండి, కొత్తది మీరే ఉంచుకోండి అంటే కాదనేవాళ్ళు ఎవరుంటారు? నాకూ ఇది భేషైన ఉపాయంగానే తోచింది. పుస్తకం అంటే లోపలున్న విషయమే కదా అనుకునేవాళ్ళం ఇద్దరం. సంచీ నేను మోస్తానని వెంట బయల్దేరాను.

మొదట నరసింహమూర్తి గారింటికి వెళ్ళాం. ఆయన గుడివాడ వైపు మనిషి, ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో చేసి రిటైరయ్యాడు. హైదరాబాద్ సంస్థానం చరిత్ర పుస్తకం ఆయన దగ్గరే ఉంది. కొత్త ప్రతి చూపించగానే మండిపడ్డాడు.

"ఇదెందుకండీ నాకు? ఈ రాసినాయన చెప్పేదాంట్లో సగం నేనొప్పుకోను. ప్రతి పేజీ పక్కనా నా జవాబు రాసుకున్నాను. రెండేళ్ళుగా ఈయనతో పోట్లాడుతున్నాను. కొత్త పుస్తకంలో నా జవాబులుండవు కదా? అంటే ఆయన మాటే గెలిచినట్టా?"

"గ్రంథాలయం పుస్తకంల రాయొద్దు గద సార్" అన్నాడు ఉమాపతి నీరసంగా.

"రాయకుండా చరిత్ర చదవటం ఎలాగో మీరే చెప్పండి!"

ఆమని ఇంట్లో ఇంకో రకం. ఆ అమ్మాయి కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతుంది. వారపత్రికలోంచి ఒక నవల కాగితాలు వారం వారం కత్తిరించి, కుట్టి, అట్ట వేసిన పుస్తకం ఆమె దగ్గరుంది. పాతరోజుల్లో ఎవరో ఇల్లాలు శ్రద్ధగా చేసుకున్నది, మా గదికి దానంగా వచ్చింది. అదే నవల అచ్చు పుస్తకం ఉమాపతి ఆమె చేతిలో పెట్టాడు.

"ఈ అచ్చు పుస్తకం ఇదివరకే చదివేశాను అంకుల్, ఒక్క పూటలో అయిపోయింది" అంది ఆమని. "ఆ కుట్టిన దాంట్లో ప్రతి భాగానికీ ఒక బొమ్మ ఉంటుంది, చివర 'వచ్చే వారం' అని ఉంటుంది. నేను నిజంగానే వారం ఆగుతాను. రోజంతా గొంతు చించుకుని ఇంటికొస్తే, ఎదురుచూడ్డానికి ఏదో ఒకటి ఉండాలి కదా?"

మెట్లు దిగాక ఉమాపతి, "గీ పోరి జెప్పిన మాట నాకు ఇన్నేండ్ల సంది తట్టలే అన్నా" అని కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

చివరికి రాజేశ్వరమ్మ గారింటికి వెళ్ళాం. ఆమె భర్త చిదంబరం గారు రైల్వేలో పనిచేశారు. పక్షవాతం వచ్చి మంచాన, కుర్చీలోన కాలం వెళ్ళదీస్తున్నారని కాలనీలో అందరికీ తెలుసు. ఒక గుట్ట మీది దేవుడి క్షేత్ర మాహాత్మ్యం, పెద్ద అక్షరాల పాత అచ్చు, ఆమె దగ్గర ఉంది. దగ్గర ఉందంటే, దేవుడి గదిలో పీట మీద ఉంది. అట్టకు పసుపు, నాలుగు మూలలా కుంకుమ. పొద్దున్నే స్నానం చేసి ఒక అధ్యాయం చదివి హారతిస్తుంది. చివరి అధ్యాయం కాగానే మళ్ళీ మొదటికొస్తుంది.

"పారాయణంల ఉన్నది తమ్మీ. నడుమల లేపరాదు" అందామె.

ఉమాపతి కొత్తది తీసి ఇచ్చాడు. రంగుల బొమ్మలున్నాయి, పద్యం కింద తాత్పర్యం ఉంది, కాగితం నున్నగా మెరుస్తోంది. ఆమె తిప్పి చూసింది.

"మంచిగనే ఉన్నది. అచ్చరాలే చీమలోలె ఉన్నయి."

మూడిళ్ళలోనూ అంతే. ఉమాపతి ఇంక అలిసిపోయాడు. గుమ్మంలోనే కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "పాతయి సూపియ్యకపోతే గది పోతదక్కా. రెండు దినాలే. తనిఖీ కాంగనె నేనే తెచ్చిస్త."

రాజేశ్వరమ్మ ఆయన వంక చూసింది. "గా గది పోతే నువ్వు యాడ కూసుంటవు?" అని అడిగింది.

ఆమె లోపలికి వెళ్ళింది. అక్షింతలు వేసి, ఉద్వాసన చెప్పి, పీట కొద్దిగా ఉత్తరానికి జరిపి, పుస్తకాన్ని పసుపు గుడ్డలో చుట్టి తెచ్చి ఇచ్చింది. వినాయకుణ్ణి లేపినట్టు లేపింది. నడిమధ్యలో ఉద్వాసన చెప్పడం తనకు ఇదే మొదలని మాత్రం అంది. కుర్చీలో కూర్చున్న చిదంబరం గారు ఆ పసుపు మూట మా సంచీలోకి వెళ్ళేదాకా చూస్తూనే ఉన్నారు. నేను దాన్ని పట్టించుకోలేదు. ముసలాయన మనుషులొస్తే చూస్తారులే అనుకున్నాను.

గది పోతుందన్న మాట చెప్పాక ఆమని కూడా మారు మాట్లాడకుండా ఇచ్చేసింది. నరసింహమూర్తి గారు లోపలి పేజీలు ఎవరూ తెరవకూడదనే షరతు మీద ఇచ్చారు. పుస్తకాలన్నీ బీరువాల్లోకి చేరాయి. గిరిప్రసాద్ వచ్చి గదికి తన తాళం కూడా వేసి, తలుపు మీద కాగితం అంటించి సంతకం పెట్టాడు. సర్వసభ్య సమావేశంలో అందరి ముందూ తెరిచి చూపిస్తామన్నాడు.

ఆ సమావేశం ప్రత్యేక రాష్ట్రం ఇస్తామని ఢిల్లీలో ప్రకటించిన వారంలోనే పడింది. ఇంకేం కావాలి! పుస్తకాల ఊసు రాకముందే ఎవరో మిఠాయి పంచారు, ఇంకెవరో అది తీసుకోలేదు. ఎన్నో ఏళ్ళుగా పక్కపక్క వాకిళ్ళలో ముగ్గులు వేసుకున్న ఇళ్ళవాళ్ళు మీరెక్కడినుంచి వచ్చారంటే మీరెక్కడినుంచి వచ్చారని అరుచుకున్నారు. కుర్చీలు విరిగాయి. సమావేశం వాయిదా పడింది. మళ్ళీ పెడితే మళ్ళీ అదే గోల. నెలలు గడిచిపోయాయి. మా గదికి తాళం మీద తాళం అలాగే ఉంది.

ఉమాపతి రెండుమూడు సార్లు గిరిప్రసాద్ దుకాణానికి వెళ్ళాడు. ఒక్క పారాయణ పుస్తకం మాత్రం తీసిచ్చేయమని బతిమాలాడు.

"ఒక్కటి తీస్తే ఇంకొకరు ఇంకొకటి అంటారు. ఇప్పటికే ప్రతిదానికీ నన్ను అనుమానిస్తున్నారు. కాస్త ఓపిక పట్టండి" అన్నాడు గిరిప్రసాద్. ఆయన మాటలోనూ తప్పు లేదు. అదే నాకు మరీ కోపం తెప్పించింది.

ఉమాపతికి వాదించే శక్తి లేదు. రాజేశ్వరమ్మ ఇంటి వీధిలోంచి వెళ్ళడం మానేశాడు. పాల పాకెట్టుకు కూడా ఉప్పల్ రోడ్డు చుట్టు తిరిగి వెళ్ళేవాడు. సాయంత్రాలు హాలు మెట్ల మీద కూర్చుని మేస్త్రీలు పైన గది కడుతుంటే చూసేవాడు. మనిషి చిక్కిపోయాడు.

చివరికి మరుసటి ఏడు ఎండలు ముదిరాక తనిఖీ అయింది. ముద్ర ఉన్న ప్రతి పుస్తకమూ ఉంది. గిరిప్రసాద్ నిజంగానే సంతోషించి ఉమాపతికి శాలువా కప్పాడు. పై గదిలో పుస్తకాలకు కొత్త ర్యాకులు, తెల్లటి లైట్లు, మెరిసే నేల. జనం చప్పట్లు కొట్టి, కింద పెట్టిన భోజనాలకు వెళ్ళిపోయారు. ఉమాపతి శాలువా కుర్చీ మీద పెట్టి, మూడు పుస్తకాలు సంచీలో వేసుకున్నాడు. నేనూ వెంట వెళ్ళాను.

నరసింహమూర్తి గారు సంచీలోంచి తీసిన పుస్తకం వంక చూసి తల అడ్డంగా ఊపారు. "ఇంక ఎవరితో పోట్లాడమంటారండీ? పోట్లాట అయిపోయింది. అక్కడే ఉంచేయండి" అన్నారు. ఆమని కోచింగ్ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, చెవుల్లో వైర్లున్నాయి. ఇప్పుడు ఫోన్లో చూసుకుంటున్నానని, వీలైతే తర్వాత వస్తానని చెప్పింది. మర్యాదగానే చెప్పింది.

రాజేశ్వరమ్మ ఇంట్లో టీవీ మోగుతోంది. చిదంబరం గారు దాని ఎదురుగా కుర్చీలో ఉన్నారు. ఉమాపతి పసుపు మూట రెండు చేతులా పట్టుకుని, క్షమించమన్నాడు. ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"నాదేం లేదు తమ్మీ. పారాయణం ఆయనదే" అంది. "మాట పోయినకాడికెల్లి నేను సదువుతుంటె అచ్చరాల కింద వేలు వెట్టి జరుపుతుండె. గంత పెద్ద అచ్చరాలైతెనే ఆయన కండ్లకు ఆనుతుండె. నేను ఏడనన్న తప్పు సదివితె వేలు జరుపకపోతుండె. మల్ల సక్కగ సదివినంకనే జరుపుతుండె. మేమిద్దరం మాట్లాడుకునుడు గదే."

ఆమె దేవుడి గదిలోని పీట వైపు చెయ్యి చూపించింది.

"కొత్తదాంట్ల ఆయనకు ఆనలే. పొద్దుగాల తానం జేపియ్యంగనె పీట దిక్కు సూస్తుండె, నువ్వు తెస్తవని. శాన దినాలు సూసిండు. ఎనుక టీవీ దిక్కు తిరిగిండు."

"గీ మాట ఆ దినమే చెప్తే నేను తీస్కపోకపోదును గదక్కా" అన్నాడు ఉమాపతి.

"చెప్తే నీ గది పోతుండె గదా" అందామె.

నాకు ఏడుపొచ్చింది. వచ్చిందని చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. ఉమాపతి మాత్రం ఏడవలేదు. ఆయన చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని వచ్చి, చిదంబరం గారి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. మూట విప్పి, పుస్తకాన్ని ముసలాయన ఒళ్ళో తెరిచి పెట్టాడు. ఆమె చదవడం ఆపిన అధ్యాయం దగ్గర ఎండిన తులసాకు ఉంది. అక్కడినుంచి చదవడం మొదలుపెట్టాడు. టీవీలో ఎవరో కొత్త రాష్ట్రం గురించి గట్టిగా మాట్లాడుతున్నారు. రాజేశ్వరమ్మ దాన్ని ఆపలేదు, ఆపితే భర్త గొడవ చేస్తాడని కాబోలు.

ఉమాపతి ఒక మాట తప్పు చదివాడు. అక్షరాలు అంత పెద్దగా ఉంటే తప్పు దొర్లడానికి వీల్లేదు, కావాలనే చదివాడు. ఆగి, అక్షరాల మీదికి వస్తుందేమోనని ముసలాయన వేలి వంక చూశాడు. చిదంబరం గారు టీవీ చూస్తున్నారు. ఉమాపతి ఆ పంక్తి మొదటికి వెళ్ళి, ఈసారి ఇంకొంచెం గట్టిగా, ఆ మాటే మళ్ళీ తప్పు చదివాడు.