కడియం ముక్క, శరం అనే మాట

అమ్మ జారిపడి కుడి మణికట్టు విరిగింది. నర్సంపేట నుంచి వరంగల్ దవాఖానకు తెచ్చేసరికి చెయ్యి బాగా వాచింది. ఆమెకున్న ఒకే ఒక వెండి కడియం ఆ చేతికే ఉంది. అది రాకపోతే రెండు చోట్ల కోసి తీశారు. ఆ హడావిడిలో పెద్ద ముక్క ఎక్కడో పడిపోయింది. సగం కూడా లేని చిన్న ముక్క నా హ్యాండ్‌బ్యాగులో మిగిలింది.

మడికొండలో మా ఇంట్లో కట్టుతో కూర్చుని అమ్మ రోజూ అదే మాట. "అసొంటిదే చేయియ్యి బిడ్డా. మా అమ్మ తొడిగింది గది."

కంసాలి ముక్క చూసి, "సైజు లేకుంట ఎట్ల జేయాలె మేడం?" అన్నాడు.

నేను బడిలో లెక్కలు చెబుతాను. ఇంటికొచ్చి ముక్కను కాగితం మీద పెట్టి, లోపలి అంచు వెంట పెన్సిలుతో గీశాను. రెండు కొసలనూ స్కేలుతో కలిపాను.

"ఏం జేత్తానవే?" అంటూ అమ్మ దగ్గరికి జరిగింది.

"ఈ వంపు చాపం. అంటే విల్లు. ఈ అడ్డగీత జ్యా, వింటినారి. నారి నడుమ నుంచి వంపుదాక నిలువుగున్న ఈ చిన్న గీత శరం."

"శరమా?" అమ్మకు నవ్వాగలేదు. "లెక్కలకు గూడ శరముంటదా?"

మా వైపు శరమంటే సిగ్గు. నేనూ నవ్వి, ఇది బాణం అని చెప్పాను. నేను బోధించే పుస్తకాల్లో చాపం, జ్యా ఉన్నాయి, శరం లేదు. ఇంటర్‌లో మా లెక్చరర్ ఒకసారి బోర్డు మీద విల్లు గీసి చెప్పిన మాట అది. ఇన్నేళ్లలో దానితో నాకు పనిపడలేదు. కానీ ఏ వంపు ఎంత పెద్ద వృత్తంలోదో తెలియాలంటే నారి పొడవు ఒక్కటే చాలదు, శరం కూడా కావాలి.

సగం జ్యాను దానితోనే గుణించి, శరంతో భాగించి, మళ్లీ శరాన్ని కలిపాను. కడియం వెడల్పు వచ్చింది. ఆ వెడల్పుతో వృత్తం గీస్తే ముక్క దాని అంచు మీద సరిగ్గా కూర్చుంది. అమ్మ ఎడమచేతి వేలిని ఆ గీత చుట్టూ, ముక్క లేని మేర కూడా, మెల్లగా తిప్పింది.

కంసాలి ఆ కాగితం చూసే కొత్తది చేశాడు. కట్టు విప్పాక తొడగబోతే కడియం వేళ్ల కణుపులు దాటలేదు. చెయ్యి ఇంకా బిర్రుగా ఉంది, ముడుచుకోదు. లెక్క తప్పానేమో అనుకున్నాను. పాత ముక్క తెచ్చి ఆనించి చూస్తే వంపు సరిగ్గానే కలిసింది.

"నువ్వు మంచిగనే జేసినవ్ బిడ్డా. చెయ్యే మునుపటి లెక్క లేదు," అంటూ అమ్మ దాన్ని ఎడమచేతికి తొడుక్కుంది.

అక్కడ అది కాస్త వదులు. బియ్యం ఏరేటప్పుడు మోచేతి వైపు తోసుకుంటుంది.