చూడని కంటికి ఇచ్చిన చుక్కలు

2023 వానాకాలం. చింతపల్లిలో మా మందుల షాపు ముందు ఎటు చూసినా ఎర్రబడ్డ కళ్ళే. నర్సీపట్నం నుంచి వచ్చి ఇక్కడ కొట్టు పెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. అంత కళ్ళకలక నేనెప్పుడూ చూడలేదు.

ఏజెన్సీలో ఒక అలవాటుంది. కొండ మీద నుంచి సంతకి ఒకరు దిగి, ఊరందరి జబ్బులూ చెప్పి, అందరికీ మందులు పట్టుకెళ్తారు. ఆ మనుషుల్ని నేను చూడను. చిలకమ్మ అలాగే వచ్చి, "మా ఊల్లో ఏడుగురికి కలక బావూ" అంటే ఏడు సీసాలు ఇచ్చేశాను. అవి స్టెరాయిడ్ డ్రాప్స్. స్టెరాయిడ్ ఎరుపునీ వాపునీ చప్పున అణిచేస్తుంది, కానీ రోగాన్ని చంపదు. వైరస్ కలక వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది. చేతులు కడుక్కుంటూ, తువ్వాలు వేరుగా పెట్టుకుంటే ఇంకొకరికి అంటదు. చీము కారి రెప్పలు అతుక్కుపోతుంటే బ్యాక్టీరియా కావచ్చు, దానికి యాంటీబయాటిక్ చుక్కలు. ఇదంతా నాకు తెలుసు. ఎరుపు తొందరగా పోతే మళ్ళీ నా కొట్టుకే వస్తారని ఇచ్చాను, సిగ్గులేకుండా.

మరుసటి సంతకి చిలకమ్మ మళ్ళీ వచ్చింది.

"అందరికీ తగ్గిపోనాది బావూ. మా గుంట దేవికే తగ్గనేదు. ఇంకో సీసా ఇయ్యి, బేగి."

జనం తోసుకుంటున్నారు. సీసా తీసి చేతిలో పెట్టబోతూ, ఎందుకో అడిగాను.

"రెండు కళ్ళూనా?"

"ఒకటే. ఎలుతురు సూడ్నేకపోతంది, అంతా మసకంటంది. నొప్పని రాత్రంతా ఏడుపే."

సీసా వెనక్కి లాక్కున్నాను. కలకలో కళ్ళు మంట పెడతాయి, ఇసుక పడ్డట్టు గరగరలాడతాయి. అంత నొప్పి ఉండదు, చూపు తగ్గదు.

"కంటికేమైనా తగిలిందా?"

"కాఫీ తోటలో కొమ్మ గీసుకుంది. ఊరంతా కలకే కదా, ఇదీ అదే అనుకున్నాం."

కొమ్మ గీరిన కంట్లో వారం రోజులుగా నా స్టెరాయిడ్! నల్లగుడ్డు మీద పుండు పడి ఉంటే దాన్ని మేపినట్టే.

"చుక్కలు ఆపెయ్! ఇప్పుడే మీ ఊరు వెళ్దాం పద!"

"సంతనాడు కొట్టు కట్టేత్తావా బావూ? ఏటైంది?"

షట్టరు దించి జీపు మాట్లాడాను. వానకి దారంతా బురద. గుడిసెలో చీకటి మూలన చిలకమ్మ కూతురు దేవి, కంటికి గుడ్డ అడ్డం పెట్టుకుని కూర్చుంది. పదో తరగతి పిల్ల. గుడ్డ తీసి చూశాను. నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క.

జీపులో నర్సీపట్నం ఘాట్ దిగుతున్నంతసేపూ ఆ పిల్ల ఒకటే అడిగింది.

"నాకు కన్ను పోద్దా?"

"పోదమ్మా" అన్నాను. నాకే నమ్మకం లేదు.

నర్సీపట్నంలో కంటి డాక్టరు రంగు చుక్క వేసి, నీలం లైటులో చూశాడు. పుండున్న మేర పచ్చగా మెరిసింది. చిలకమ్మ చూపించిన చుక్కల సీసా తిప్పి చూశాడు.

"కార్నియల్ అల్సర్. నల్లగుడ్డు మీద పుండు. స్టెరాయిడ్ ఎవడిచ్చాడు?"

"నేనే సార్."

చిలకమ్మ నావైపు తిరిగింది. తిట్టినా బాగుండేది. కూతుర్ని తన పక్కకి లాక్కుంది.

కన్ను దక్కింది, నెలన్నర వైద్యం పట్టింది. చిన్న మచ్చ మాత్రం మిగిలింది. ఇప్పుడు నా కొట్టులో ఎవరి కన్నైనా చూస్తేగాని చుక్కల మాటెత్తను. ఒంటి కన్ను, నొప్పి, మసక అంటే సీసా లేదు, ఆసుపత్రికే. "ఈ షావుకారికి సాదస్తం" అని నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

దేవి సంతకొచ్చినప్పుడల్లా, మంచి కన్ను మూయించి ఏదో ఒక డబ్బా చదివిస్తాను. మొన్న కావాలనే ఆ స్టెరాయిడ్ చుక్కల డబ్బా అడిగింది. మచ్చ కంటికి దగ్గరగా పెట్టుకుని, అడుగున ఉన్న చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివింది. చదివి తల ఎత్తింది.

"డాక్టరు సీటీ రాసిత్తేనే అమ్మాలని ఉంది బావూ. నువ్వు సదవనేదా?"

"చదివానమ్మా" అన్నాను.