కొండడి గొంతు

2011 జులైలో నేను కొత్తపేటలోని ఒక చిన్న డబ్బింగ్ స్టూడియోలో ఇన్‌చార్జిగా ఉన్నాను. పిల్లల చానల్ కోసం ఒక విదేశీ కార్టూన్ హాస్య ధారావాహికను తెలుగు చేసే పని మాకు వచ్చింది. ఇన్‌చార్జి అంటే మాటలు రాసేదీ నేనే, ఆర్టిస్టుల చేత చెప్పించేదీ నేనే. నా కింద ఒక సౌండ్ ఇంజినీరు, నలుగురు ఆర్టిస్టులు. అంతా కలిపిన కాపీ చానల్‌కు వెళ్తే, వాళ్లు విని ఆమోదించాలి.

ఈ పనిలో అర్థం కంటే ముందు పెదవిని చూస్తాం. బొమ్మ నోరు తెరిచినప్పుడు మాట మొదలవాలి, మూసినప్పుడు ఆగాలి. అందుకని రాసిన ప్రతి వాక్యాన్నీ గొంతు మార్చి పైకి చదువుకుని, వేళ్లతో తాళం వేసి కొలుస్తాం. మగపిల్లల గొంతులు ఆడవాళ్లే చెబుతారు.

నేను చెప్పబోయే ఎపిసోడ్‌లో కొండడు అనే మొండి కుర్రాడు బడిలో బుల్లి అనే బక్కపిల్లాడి టిఫిన్ డబ్బా రోజూ లాక్కుంటాడు. బుల్లికి ఇంట్లో తలా ఒక సలహా ఇస్తారు, ఒక్కటీ పనిచేయదు. చివరికి బుల్లి అందరి ముందూ డబ్బాను గట్టిగా పట్టుకుని ఇవ్వనంటాడు. ఆ ఒక్క మాట మీదే కథంతా నిలబడింది.

బుల్లికి పుస్తకాల భాష పెట్టాను, కొండడికి తెలంగాణ యాస పెట్టాను. అలా పెట్టమని నాకెవరూ చెప్పలేదు. రౌడీ అనగానే ఆ యాస రాయడం మా వృత్తిలో ఆనవాయితీ. నేను గుంటూరు నుంచి వచ్చి ఎల్‌బీనగర్‌లో స్థిరపడినవాణ్ణి, ఆ యాస విని నేర్చుకున్నదే. కొండడి గొంతు లలిత చెప్పాలి. ఆమెది పోచంపల్లి దగ్గర నేత కుటుంబం. అప్పటికి నలభై ఏళ్లుంటాయి, మా దగ్గర మూడేళ్లుగా చేస్తోంది. ఆ ఇంటికి ఆమె సంపాదనే ఆధారం.

రికార్డింగ్‌కు రెండు రోజుల ముందు స్టూడియోకు ఫోన్ వచ్చింది. "'డబ్బా ఇయ్యకుంటే బొక్కలిరుగుతయి' అని రాసినరు గదా? మా మాటల్తోని పిల్లగాండ్లను కొట్టిస్తరా? గది టీవీల ఎట్లొస్తదో మేం గూడ చూస్తం" అని మగగొంతు. వాక్యం అక్షరం పొల్లుపోలేదు. రికార్డు కూడా కాని మాట బయటికి ఎలా పోయింది? తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు, బందు లేని వారం తక్కువ. నాకు నిజంగానే భయం వేసింది.

కొండడి మాటలున్న ప్రతులు మూడే. ఒకటి నా దగ్గర, ఒకటి ఇంజినీరు దగ్గర, కొండడి కాగితాలు లలిత దగ్గర. ఇంజినీరుది మా జిల్లానే. అతన్ని అనుమానించాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. లలిత కాగితాలు వెనక్కి తీసుకున్నాను. మరో పని విరామంలో ఆమె ఉన్న రికార్డింగ్ బూత్ మైకు ఆపవద్దని ఇంజినీరుకు చెప్పి, ఇవతల కూర్చుని విన్నాను. ఆమె ఫోన్‌లో అంటోంది: "వాళ్లకు ఇప్పుడే చెప్పకు. నేనొచ్చి మాట్లాడుత." అనుమానం పెనుభూతం అంటారు, ఆ రెండు ముక్కలతో నాకు అన్నీ రుజువైపోయాయి.

సాయంత్రం ఆమెను పిలిచి, కొండడి గొంతు మార్చమని చానల్ వాళ్లు చెప్పారన్నాను. ఈ నెలకు వేరే పాత్ర కూడా లేదన్నాను.

ఆమె "కాపీ పోయినంకనే గద సార్ చానలోళ్లు వినేది? నా గొంతు ఇంక రికార్డే కాలే" అంది. నేను ఫైలు తిప్పుతూ కూర్చున్నాను. ఆమె సంచి తీసుకుని వెళ్లిపోయింది.

మూడో రోజు ఒక ఆటో డ్రైవరు స్టూడియోకు వచ్చాడు. ఎల్‌బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు షేర్ ఆటో నడిపేవాడు, నేను రోజూ ఎక్కేది అతని బండే. "ఫోన్ చేసింది నేనే సార్. పొద్దుగాల నా పక్కనే కూసోని, గొంతు మార్చి, వేళ్లు కొట్టుకుంట సదువుతరు గద. కాయితం మీద స్టూడియో నంబరున్నది. కోపంల చేసిన. కొట్లాటకు రాలే, ఒక్క మాట అడగొచ్చిన. మంచి పిల్లగాడు గిట్ల మాట్లాడడా?"

గుట్టు బయటపెట్టింది నేనే, శిక్ష పడింది ఆమెకు.

ఆ మధ్యాహ్నమే లలిత ఇంటికి వెళ్లి, మైకులో విన్నదాంతో సహా అంతా చెప్పాను. "అమ్మకు దవాఖానల ఆపరేషనన్నరు సార్. అమ్మకు, నాయినకు చెప్పకని తమ్మునితోని అన్న" అంది. ఆమె గొంతు పెంచలేదు. "అడిగితే చెప్పకపోదునా?"

తిరిగి రావడానికి ఒక షరతు పెట్టింది. కొండడి గొంతు చెప్పదు, బుల్లిది చెబుతుంది, అదీ ఆమె ఇంట్లో మాట్లాడే భాషలో. సరేనని, ఆమె లేక అప్పటికే ఆగిన రికార్డింగ్‌ను ఇంకొంచెం జరిపి, రెండు రోజులు కూర్చుని మొత్తం తిరగరాశాను. కొండడికి పుస్తకాల భాష వచ్చింది. చివరి దృశ్యంలో బుల్లి నోరు రెండుసార్లే తెరుచుకుంటుంది. నేను మొదట రాసిన "ఇవ్వను" అందులో ఇరుకుగా ఉండేది. లలిత మైకు ముందు నిలబడి "ఇయ్య" అంది. రెండో టేకు అవసరం కాలేదు.

కాపీ చానల్‌కు పంపాం. సంగీతం కొంచెం తగ్గించమని రాశారు. భాష గురించి ఒక్క మాట లేదు. ఈ వృత్తిలో ఉన్న ఇరవై ఏళ్లుగా ఎవరూ కోరని ఆనవాయితీని నేను పాటిస్తూ వచ్చాను.

లలిత డబ్బు ముట్టినట్టు రిజిస్టరులో సంతకం పెట్టి, ఇకనుంచి వేరే స్టూడియోలో చూసుకుంటానని చెప్పింది. ఉండమని అడిగే ముఖం నాకు లేదు.

పని ఇచ్చే అధికారం ఉన్నవాడు అనుమానాన్ని అడగకుండా మనసులోనే తేల్చేస్తే, ఎదుటి మనిషికి కాదనే అవకాశమే ఉండదు. కొండడి మాటలూ, బుల్లి కాదనే మాటా రాసినవాడిగా ఈ సంగతి నాకు ముందే తెలిసి ఉండాల్సింది. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్న ఆరేళ్లూ ఎవరినైనా తప్పించాల్సి వస్తే అసలు కారణం వాళ్ల ముందే చెప్పాను. కొందరు కాదన్నారు. రెండుసార్లు వాళ్లు చెప్పిందే నిజమైంది.