స్టెప్నీ మోసిన తుమ్మ మొద్దు

మా బాపు ఎడ్లబండి చక్రాలు చేసే వడ్రంగి. నేను మోటరు డ్రైవర్ని. మా ఇద్దరిలో గర్వం ఉన్నది ఒక్కడికే, అది ఆయనకు కాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్లయి ఉంటుంది. మెట్‌పల్లిలో ఒక బీడీల సేటు దగ్గర నాకు వ్యాను నడిపే కొలువు దొరికింది. యుద్ధం అయిపోయాక వేలంలో అమ్మిన పాత మిలటరీ బండి అది. దాని వెనక రేకులతో గది కట్టించి వ్యాను అనేవాళ్లం. చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు చుట్టిన బీడీలు గోదాముకొస్తే, వాటిని పెట్టెలకెత్తి నేను మంచిర్యాల స్టేషన్‌కు చేర్చాలి. అక్కడ గూడ్సు ఎక్కించి రసీదు తెస్తే నా పని అయిపోయినట్టు. మా వాడకట్టులో ఖాకీ చొక్కా తొడిగిన మొదటివాణ్ని నేనే. ఆ చొక్కాతో నాకు కళ్లు నెత్తికెక్కాయి.

స్టెప్నీ చక్రం రేకుల గదిలోనే పడి ఉండేది. రెండు పెట్టెల జాగా అది తింటోందని సేటు ఒకరోజు కనిపెట్టాడు. బయటికి తగిలించమన్నాడు. చక్రాన్ని బయట తగిలించే ఇనుప చట్రాలు హైదరాబాదులో దొరుకుతాయని చెబితే నవ్వాడు. నీకు చేతకాకపోతే చేతనైన డ్రైవరు వస్తాడని మాత్రం అన్నాడు. మా బాపు చేస్తాడని అప్పటికప్పుడు నోరు జారాను.

బాపు అంతకుముందు మోటరును చేత్తో ముట్టుకున్నవాడు కాదు. వ్యాను మా ఇంటి ముందు ఆపితే చుట్టూ రెండుసార్లు తిరిగి, స్టెప్నీని నేల మీద దొర్లించి, నడుమనున్న రంధ్రాన్ని దారంతో కొలుచుకున్నాడు. ఇది ఎంత బరువు, ఎన్నాళ్లకోసారి విప్పుతారు, విప్పేటప్పుడు ఒక్కడివే ఉంటావా ఇంకెవరైనా ఉంటారా అని అడిగాడు. నేను బీడీ ముట్టించుకుంటూ సగం సగం జవాబులు చెప్పాను. పెద్ద బోల్టులు తెచ్చిస్తావా అని కూడా అడిగాడు. తెస్తానన్నాను, తేలేదు. మెట్‌పల్లిలో ఒక దుకాణంలో అడిగి, లేవంటే చేతులు దులుపుకుని వచ్చాను.

బోల్టులు లేకపోయేసరికి ఆయన తనకు తెలిసిన పనే చేశాడు. అరిగిపోయిన బండి చక్రం మీది ఇనుప పట్టాను కమ్మరి చేత సాగగొట్టించి, రెండు బద్దలు చేయించి, వ్యాను వెనక చట్రానికి అడ్డంగా బిగించాడు. వాటి నడుమ ఎండిన తుమ్మ మొద్దొకటి బయటికి పొడుచుకొచ్చేలా నిలబెట్టాడు. చక్రం నడిమి రంధ్రంలోకి సరిగ్గా దూరేలా దాన్ని గుండ్రంగా చెక్కాడు. స్టెప్నీని ఆ మొద్దుకు తొడిగి, బయటి కొనకు ఒక ఇనుప సీల దిగగొడితే ఇక కదలదు. బండి ఇరుసుకు చక్రం తొడిగి సీల పెట్టినట్టే. మూడు రోజులు పట్టింది ఆ పని. నిజం చెప్పాలంటే చాలా అందంగా కుదిరింది. అప్పుడా మాట ఆయనతో అనలేదు.

వ్యాను కదిలేముందు ఆయన ఇంట్లోంచి చిన్న గాజు సీసా తెచ్చి నా చేతికిచ్చాడు. నిండా ఆముదం.

"మిరుగం సొచ్చెటాలకు సీల గుంజి, మొద్దు సుట్టూ దీన్ని పట్టియ్యి బిడ్డా. గిది మోటరు గాదు, కట్టె. కట్టె నీళ్లు తాగుతది, ఉబ్బుతది."

మృగశిర కార్తెకు ఇంకా నెలలున్నాయి కదా అని, సరే సరే అంటూ సీసాను సీటు కింద పారేశాను.

జగిత్యాలలో లారీ డ్రైవర్లంతా ఆగే హోటలొకటి ఉండేది. మొదటి వారమే వాళ్లు మా వ్యాను వెనక చేరి నవ్వుకున్నారు. ముందు రెండు ఎడ్లను కూడా కడితే పెట్రోలు మిగులుతుందన్నాడు ఒకడు. ఇది ఎవరి పనితనమని అడిగాడు మరొకడు. సేటు ఎవడో ముసలోడితో చేయించాడని చెప్పి చాయ్ తాగాను. ఆ ముసలోడు మా బాపేనని ఆ హోటల్లో ఎవరికీ తెలియదు. అది మొదటిసారి.

ఎండాకాలం ముదిరింది. మొద్దు ఎండి సన్నబడి స్టెప్నీ లొడలొడలాడటం మొదలుపెట్టింది. గతుకు వచ్చిందంటే ఊరంతా తిరిగి చూసేంత చప్పుడు. బాపును అడిగితే చెప్పేవాడే. కానీ ఖాకీ చొక్కా వేసుకుని చెక్కపని గురించి ఆయన్ని అడగడమేమిటని నా పొగరు. అదీగాక నేను బండ్ల మధ్య పుట్టినవాణ్ని. ఎండలకు చక్రాలు వదులైతే బండివాళ్లు ఏం చేస్తారో చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. బండిని వాగులోకి తోలి చక్రాలను నానబెడతారు, కట్టె ఉబ్బి పట్టా బిగుసుకుంటుంది. నేనూ అదే చేశాను. ధర్మపురి దగ్గర ఆగినప్పుడల్లా గోదారి నీళ్లు బకెట్టుతో తెచ్చి ఆ మొద్దు మీద కుమ్మరించాను. రెండు రోజుల్లో చప్పుడు ఆగిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. బండి చక్రం ఎప్పటికీ ఊడకూడనిది, స్టెప్నీ అవసరమైనప్పుడు ఊడి రావలసినది. ఈ చిన్న తేడా చక్రాల వడ్రంగి కొడుకునైన నాకు తట్టలేదు.

మిరుగం వచ్చింది. సీసా సీటు కిందే ఉండిపోయింది.

వానలు పట్టిన నాలుగో రోజు, నిండా బీడీ పెట్టెలతో పోతుంటే ధర్మపురికి ఇవతల వెనక చక్రం పంక్చరైంది. మధ్యాహ్నం పూట, చినుకులు పడుతున్నాయి. దిగి సీల మీద సుత్తితో కొట్టాను. కదల్లేదు. జాకీ రాడ్డు పెట్టి మెలేశాను, రాడ్డు వంగింది. మొద్దు ఉబ్బి సీలనూ చక్రాన్నీ కలిపి కరుచుకుంది. పైన వాన, కింద బురద. పళ్లు కొరుకుతూ బాపును తిట్టాను. అవును, ఆయన్నే తిట్టాను. ఆ రోడ్డు మీద నా తిట్లు వినేందుకు నేను తప్ప ఇంకెవరూ లేరు.

చివరికి ఒక లారీ ఆపి, పంక్చరైన చక్రాన్నే దాంట్లో వేసుకుని జగిత్యాల పోయి, అతుకు వేయించుకుని వచ్చేసరికి పొద్దు గూకుతోంది. ఈలోగా వాన జోరందుకుని రేకుల కంతల్లోంచి లోపలికి దిగింది. పై వరుస పెట్టెలన్నీ మెత్తబడ్డాయి. మంచిర్యాలలో ఎక్కాల్సిన గూడ్సు ఎప్పుడో పోయింది.

తెల్లారి గోదాములో సేటు తడిసిన బీడీలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆకు ఏరే ఆడవాళ్లు, గుమాస్తా, హమాలీలు అందరూ ఉన్నారు. తాళంచెవి గుమాస్తాకు ఇచ్చి పొమ్మన్నాడు. నాకు కళ్ల ముందు ఇల్లు, పెళ్లాం, నా ఖాకీ చొక్కా తిరిగాయి. ఆ మూడింట్లో ఏది ముందు తిరిగిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

"నాదేం లేదు సేటూ. మా బాపు చేసిండు. నేను బోల్టులు పెట్టుమంటే ఇనలే. కట్టె ఉబ్బుతదని నాకేం తెలుసు" అన్నాను.

సేటు బాపును పిలిపించాడు. ఆయన రంపం సంచిలో వేసుకుని నడిచి వచ్చాడు. వచ్చీరాగానే ఎవరినీ ఏమీ అడగకుండా వ్యాను వెనక్కి పోయి మొద్దును వేలితో నొక్కి చూశాడు. తుడుచుకోవడానికి గుడ్డపేలిక కోసం ముందుకొచ్చి, సీటు ఎత్తి చేయి పెట్టాడు. చేతికి సీసా తగిలింది.

బయటికి తీశాడు. బిరడా ఎలా పెట్టి ఇచ్చాడో అలాగే ఉంది. ఆముదం చుక్క తగ్గలేదు. దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు, ఒక్కసారి నావైపు చూశాడు. నేను గోదాము గోడ వైపు చూశాను. ఆయన సీసాను మళ్లీ ఉన్నచోటే పెట్టి సీటు దించాడు.

సేటు అందరి ముందు నిలబెట్టి అడిగాడు, ఎడ్లబండ్లు చేసుకునేవాడివి మోటరు జోలికి ఎందుకొచ్చావని. నీ కొడుకు బోల్టులు పెట్టమంటే పెట్టలేదట, నిజమేనా అని. ఇంకా చాలా అన్నాడు, వాటిని రాయను. ఆడవాళ్లు ఏరుతున్న ఆకులు పక్కనబెట్టి చూస్తున్నారు.

బాపు తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"నాదే తప్పు సేటూ. పోరనికి తెల్వది."

అప్పటికి నాకు ముప్పై ఏళ్లు.

ఆయన మొద్దును రంపంతో అడ్డంగా కోసి స్టెప్నీని విడిపించి ఇచ్చాడు. కోసిన ముక్కలు ఏరుకుని సంచిలో వేసుకుని, వచ్చిన దారినే నడిచి పోయాడు. నా కొలువు నిలిచింది. నెల తిరగకుండా సేటు హైదరాబాదు నుంచి ఇనుప చట్రం తెప్పించాడు. ఇంట్లో బాపు ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే బాగుండేది. అన్నం తినేటప్పుడు ఉప్పు అందించమని కూడా నన్ను అడగడం మానేశాడు, అంతే.

మరుసటేడు చలికాలం పొద్దున ఖాళీ వ్యానుతో మంచిర్యాల నుంచి వస్తున్నాను. మెట్‌పల్లి ఇంకా రెండు మైళ్లుందనగా రోడ్డు మీద సంచి తగిలించుకుని పోతున్న ముసలాయన వీపు కనిపించింది. అలవాటుగా హారన్ కొట్టాను. ఆయన తిరిగి చూశాడు. వ్యానును గుర్తుపట్టాడు. రోడ్డు దిగి పక్కకు జరిగి, గోదాములో నిలబడ్డట్టే తలపాగా తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

నేను ఆపలేదు. ఆపితే ఎక్కమనాలి, ఎక్కితే నా పక్కనే కూర్చుంటాడు. ఆ సీసా ఇంకా ఆ సీటు కిందే ఉంది.